మొదటి మలయ్ డాక్టర్ ఎవరని వెతకబోతే

డాక్టర్ సల్మా ఇస్మాయిల్ గురించి ఎక్కడ చదివినా అవే నాలుగు ముక్కలు కనిపిస్తాయి. 1918లో, ఇప్పటి మలేషియా ఉత్తరాన కెడా రాష్ట్రంలోని అలోర్ సెతార్‌లో పుట్టారు. 1936లో సింగపూర్ వెళ్లి కింగ్ ఎడ్వర్డ్ ది సెవెన్త్ మెడికల్ కాలేజీలో చేరారు. 1947లో పాసై డాక్టరయ్యారు, మలయ్ ఆడవాళ్లలో మొట్టమొదటి డాక్టర్ ఆవిడే. 2014లో పోయారు. దాదాపు తొంభై ఆరేళ్ల బతుకు నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

కానీ ఆ సంవత్సరాల్ని ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1936 నుంచి 1947 అంటే పదకొండేళ్లు. కోర్సేమో ఆరేళ్లది. మధ్యలో ఐదేళ్లు ఏమైనట్టు? యుద్ధం వచ్చింది అని ఒక్క మాట అనేసి అందరూ ముందుకెళ్లిపోతారు. నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది ఆ ఐదేళ్లే. మొదటి ఆవిడ అన్న బిరుదు కంటే, చదువు చివరికొచ్చాక ఆగిపోయిన అమ్మాయి మళ్లీ వచ్చి అదే బెంచీ మీద కూర్చోవడం నాకు పెద్ద విషయంగా కనిపించింది.

నేను ఇటువైపు రావడానికి కారణం వేరే. మా తాతగారి చిన్నాన్న ఒకాయన మలయా, అంటే ఇప్పటి మలేషియాలోని ద్వీపకల్ప భాగం, వెళ్లి పెరాక్ రాష్ట్రంలో కొబ్బరి తోటల్లో పనిచేశారు. బాగాన్ దాతో వైపు ఇప్పటికీ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మీలో కొందరి చుట్టాలు కూడా ఉండొచ్చు. ఆయన జాడ కోసం సింగపూర్ జాతీయ గ్రంథాలయం డిజిటైజ్ చేసిన పాత పేపర్లు తిరగేస్తుంటే, తోట ఆసుపత్రుల సంగతులు, అక్కడి నుంచి డాక్టర్ల సంగతులు, అక్కడి నుంచి "మొదటి మలయ్ డాక్టర్" అన్న మాట... తీగ లాగితే డొంకంతా కదిలింది. ఒక్కోచోట ఒక్కో పేరు ఉంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ చిన్న మాటలో మూడు ముక్కలున్నాయి: మొదటి, మలయ్, డాక్టర్. మూడింటిలో దేనికీ ఒకే అర్థం లేదు, చిక్కంతా అక్కడే ఉంది.

ముందు "మలయ్" సంగతి చూద్దాం. మనవాళ్లలో చాలామందికి మలయ్ అంటే మలయాళీ అని పొరపాటు పడే అలవాటుంది, అది కాదు. మలయా ద్వీపకల్పం, సుమత్రా, చుట్టుపక్కల దీవుల్లో ఉండే జనం, వాళ్ల భాష. అంతవరకూ తేలికే. కానీ ఫలానా మనిషి మలయ్ అవునా కాదా అని తేల్చాల్సి వస్తే? మలేషియా రాజ్యాంగం 160వ అధికరణంలో దీనికి నిర్వచనం రాసుకుంది: ఇస్లాం మతం పాటించాలి, అలవాటుగా మలయ్ మాట్లాడాలి, మలయ్ ఆచారాలు నడవాలి. దాంతోపాటు స్వాతంత్ర్యానికి ముందు ఆ నేల మీద పుట్టి ఉండడమో స్థిరపడి ఉండడమో, లేదా అలాంటివాళ్ల సంతానం కావడమో ఉండాలి. రక్తం గురించి, పూర్వీకుల జాతి గురించి అందులో మాట లేదు. అది కూడా 1957లో వచ్చిన నిర్వచనం. 1910లోనో 1920లోనో డాక్టరైన మనిషిని దానితో కొలిస్తే ఒక జవాబు, ఆనాటి జనాభా లెక్కల గుమాస్తా రాసుకున్న గడితో కొలిస్తే ఇంకో జవాబు వస్తుంది.

అందరికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. మహాతిర్ మొహమ్మద్ కూడా అలోర్ సెతార్ మనిషే, అదే సింగపూర్ కాలేజీలో 1947లో చేరి 1953లో డాక్టరయ్యారు, తర్వాత ప్రధానమంత్రి. ఆయన తాతగారు కేరళ నుంచి వెళ్లినాయన. ఆయన భార్య డాక్టర్ సితి హస్మా కుటుంబం మూలాలు సుమత్రాలోని మినాంగ్‌కబావు జనంలో ఉన్నాయి. ఇద్దరూ మలయ్‌లే, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ పినాంగ్‌లో, సింగపూర్‌లో ఇలా భారతీయ మూలాలున్న ముస్లిం కుటుంబాలు, ఇంట్లో మలయ్ మాట్లాడేవాళ్లు, చాలామంది ఉండేవాళ్లు. జావీ పెరనకాన్ అని వాళ్లకో పేరు. ఆ కుటుంబాల్లోంచి ఒక డాక్టర్ వస్తే ఒక పత్రిక ఆయన్ని మలయ్ అంటుంది, ఇంకో పత్రిక భారతీయుడంటుంది, ప్రభుత్వ లెక్కలో "మహమ్మదీయుడు" అని మాత్రమే ఉంటుంది. మీరు దేన్ని నమ్ముతారో దాన్నిబట్టి "మొదటి" ఆయన మారిపోతాడు.

మలయా దాటి వెళ్తే ఇంకా విస్తుపోతారు. డచ్ పాలనలోని బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, 1851లోనే స్థానికులకు వైద్యం నేర్పే బడి మొదలైంది. "డాక్టర్ జావా" బడి అనేవారు. అందులో చదివిన అబ్దుల్ రివాయ్, సుమత్రాలోని బెంకూలులో పుట్టినాయన, తర్వాత యూరప్ వెళ్లి 1908లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకున్నారు. మలయ్ భాషలో పత్రిక నడిపారు కూడా. కానీ ఆయన దేశం తర్వాత ఇండోనేషియా అయింది కాబట్టి మలేషియా లెక్కల్లో ఆయన పేరు ఉండదు.

ఇంకా దూరం వెళ్తే దక్షిణాఫ్రికా ఉంది. కేప్‌టౌన్‌లో డాక్టర్ అబ్దుల్లా అబ్దురహ్మాన్, 1872లో పుట్టి 1893లో గ్లాస్గోలో వైద్యం పాసై, 1904లో నగర మండలికి ఎన్నికైనాయన. కేప్ మలయ్ సమాజం మనిషి. తాతల కాలంలో బానిసలుగా ఉండి, డబ్బు కట్టి విడుదలైన కుటుంబం. అక్కడ మలయ్ అన్న పేరు ముస్లింలందరికీ అంటుకున్న పేరు. వాళ్ల పూర్వీకులు జావా నుంచి, సులవేసి నుంచి, బెంగాల్ నుంచి, మలబారు నుంచి, కోరమాండల్ తీరం నుంచి డచ్ కంపెనీ ఓడల్లో బానిసలుగా వెళ్లినవాళ్లు. కోరమాండల్ తీరమంటే మచిలీపట్నం, భీమునిపట్నం కూడా అందులోనివే, రెండుచోట్లా డచ్చివాళ్ల స్థావరాలుండేవి. మలయ్ డాక్టర్లలో తొలితరం అని పట్టీ రాస్తే అబ్దురహ్మాన్‌ని అందులో పెట్టాలా వద్దా? నేనైతే పెడతాను, పక్కనే ఒక మాట రాసి. కానీ కౌలాలంపూర్‌లో ఉన్న చరిత్రకారుడు ఒప్పుకోకపోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు "డాక్టర్" అన్న మాటకి వద్దాం. పాత మలయాలో వైద్యం చేసేవాళ్లకి నిచ్చెన మెట్లలా హోదాలుండేవి. అన్నిటికంటే కింద డ్రస్సర్. తోటల్లో పనిచేసే మనవాళ్లకి, తమిళులకి డాక్టరంటే నిజానికి ఆయనే. పుండ్లు కట్టేదీ, క్వినైన్ ఇచ్చేదీ, పోతే పోయాడని రాసేదీ ఆయనే. పైన అసిస్టెంట్ మెడికల్ ఆఫీసర్, అందరి మీదా మెడికల్ ఆఫీసర్. ఆ పై కుర్చీలు చాలాకాలం తెల్లవాళ్లవే. సింగపూర్‌లో చదివి అన్ని పరీక్షలూ పాసైన స్థానిక డాక్టర్ కూడా "అసిస్టెంట్" అన్న మాట కిందే సర్వీసు చేయాల్సి వచ్చేది. అందుకని పాత సర్వీసు జాబితాల్లో ఒకాయన పేరు పక్కన అసిస్టెంట్ అని కనిపిస్తే, ఓహో ఈయన కాంపౌండర్ లాంటివాడేమో అని పక్కన పెట్టేయకండి. అక్కడే పొరపాటు జరుగుతుంది.

ఇంకో పొరపాటు ఎల్.ఎం.ఎస్. అనే వైద్య పట్టా దగ్గర. ఇది మన తెలుగువాళ్లకి మరీ సులువుగా జరిగే పొరపాటు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ తెలుసు కదా, మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపమొచ్చి, ఎంబీబీఎస్ రావాల్సిన మనిషికి ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపారు. ఆ కథ మనసులో ఉండిపోయి, ఎల్.ఎం.ఎస్. అనగానే ఒక మెట్టు తక్కువ అనుకుంటాం. ఊళ్లలో చిన్న కోర్సు చదివిన ఎల్.ఎం.పి. డాక్టర్లని చూసిన పెద్దవాళ్లకైతే అది ఇంకా గట్టిగా పాతుకుపోయింది. సింగపూర్‌లో అలా కాదు. అక్కడ ఇచ్చే పట్టానే ఎల్.ఎం.ఎస్., వేరే పెద్ద పట్టా పక్కన లేదు. 1916లో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ దాన్ని గుర్తించింది, అంటే ఆ పట్టాతో బ్రిటిష్ సామ్రాజ్యంలో ఎక్కడైనా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. సల్మా ఇస్మాయిల్ పేరు పక్కన ఉన్నది ఆ ఎల్.ఎం.ఎస్.

ఆ కాలేజీ పేరు కూడా మారుతూ వచ్చింది, అది తెలియకపోతే రికార్డుల్లో దారి తప్పిపోతాం. 1905లో స్థానికులు, ముఖ్యంగా చైనీస్ వర్తకులు, టాన్ జియాక్ కిమ్ నాయకత్వంలో చందాలు పోగుచేసి ప్రభుత్వాన్ని అడిగితే మొదలైన బడి అది. 23 మంది విద్యార్థులతో, ఖాళీగా ఉన్న పాత మహిళా మానసిక వైద్యశాల భవనంలో తరగతులు. ఐదేళ్లకి, 1910లో, తొలి బ్యాచ్‌లో ఏడుగురు పాసయ్యారు. తర్వాత కింగ్ ఎడ్వర్డ్ పేరు వచ్చింది, 1921 నుంచి కాలేజీ అయింది. 1949లో రాఫెల్స్ కాలేజీతో కలిసి యూనివర్సిటీ ఆఫ్ మలయా అయింది, అది సింగపూర్‌లోనే. 1962లో ఆ విశ్వవిద్యాలయం రెండుగా చీలి మలయా పేరు కౌలాలంపూర్‌కి వెళ్లింది, కాలేజీ సింగపూర్‌లో ఉండిపోయింది. ఇప్పుడది నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్ వైద్య విభాగం.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. సితి హస్మా 1947లో అదే కాలేజీలో చేరారు, 1955లో పాసయ్యారు. ఆ మధ్యలో కాలేజీ కాస్తా విశ్వవిద్యాలయమైంది. కాబట్టి "యూనివర్సిటీ ఆఫ్ మలయా నుంచి వచ్చిన తొలి మలయ్ మహిళా డాక్టర్లలో ఒకరు" అని ఆవిడ గురించి రాస్తే అది నిజం. దాన్ని ఇంకొకరు చూసి "యూనివర్సిటీ" అన్న మాట ఎత్తేసి "తొలి మలయ్ మహిళా డాక్టర్" అని కుదించేస్తారు. అక్కడితో సల్మా ఇస్మాయిల్ మాయం. ఎవరి మీదా కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు కానీ, మాజీ ప్రధాని భార్య పేరు అందరి నోట్లో ఉంటుంది, మిగతావాళ్లని గుర్తుపెట్టుకోవడానికి ఎవరో ఒకరు పని కట్టుకోవాలి.

అసలు మలయ్ డాక్టర్లు అంత తక్కువ ఎందుకున్నారు? దేశం వాళ్లది, భాష వాళ్లది, సుల్తానులు వాళ్ల వాళ్లు. అయినా వైద్య కాలేజీలో చైనీస్, భారతీయ, యురేషియన్ పిల్లలే ఎక్కువ. కొందరు దీన్ని మతం మీదకి, సోమరితనం మీదకి తోసేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. వైద్యం చదవాలంటే ఇంగ్లిషు రావాలి, బడి చదువు చివర రాసే సీనియర్ కేంబ్రిడ్జ్ పరీక్ష పాసవ్వాలి. ఇంగ్లిషు బళ్లు పట్నాల్లో ఉండేవి, అందులో చాలావాటిని మిషనరీలు నడిపేవారు. మలయ్ కుటుంబాలు ఎక్కువగా పల్లెల్లో, వాళ్ల భాషలో చెప్పాలంటే కంపోంగుల్లో. అక్కడ ప్రభుత్వం పెట్టిన మలయ్ బడి నాలుగైదు తరగతులతో ఆగిపోయేది. రైతు కొడుకు ఇంకాస్త తెలివైన రైతు అయితే చాలు, జాలరి కొడుకు ఇంకాస్త తెలివైన జాలరి అయితే చాలు అన్నది 1920ల్లో బ్రిటిష్ అధికారులు బాహాటంగా చెప్పుకున్న విధానం. పెద్ద కుటుంబాల మగపిల్లల కోసం కౌలా కంగ్సార్‌లో 1905లో మలయ్ కాలేజీ పెట్టారు, సరిగ్గా వైద్య బడి మొదలైన ఏడే. కానీ అది తయారుచేసింది పాలనా ఉద్యోగుల్ని. తెలివైన కుర్రాడి ముందు కలెక్టరాఫీసు దారి తెరిచి పెట్టారు, ఆసుపత్రి దారి ఎవరూ చూపించలేదు.

ఆడపిల్లల సంగతి చెప్పేదేముంది. మలయ్ ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా హాస్టలుతో కూడిన కాలేజీ కౌలాలంపూర్‌లో 1947లో పెట్టారు. అంటే సల్మా డాక్టరై బయటికొచ్చిన ఏడాదే ఆ అమ్మాయిల కాలేజీ తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ అంతకు పదకొండేళ్ల ముందే, ఇల్లు వదిలి, దేశం ఆ చివర నుంచి ఈ చివరకి, ఎనిమిది వందల కిలోమీటర్లు వెళ్లారు.

ఇక పేర్లు. నా టైమంతా తిన్నది ఇదే.

మలయ్‌లకి ఇంటిపేరు లేదు. సల్మా బింతి ఇస్మాయిల్ అంటే ఇస్మాయిల్ కూతురు సల్మా. మగపిల్లాడైతే బిన్. మనకేమో ఇంటిపేరు ముందుండి మనిషి పేరు తర్వాత వస్తుంది, ఇంగ్లిషువాళ్లకి వెనక ఉంటుంది. మనం ఏ అలవాటుతో వెళ్లినా తప్పే. ఇంగ్లిషు పద్ధతిలో చివరి పేరు పట్టుకుని "డాక్టర్ ఇస్మాయిల్" అని రాశారనుకోండి, అది ఆవిడ తండ్రి పేరు. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే మలేషియాలో డాక్టర్ ఇస్మాయిల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది జోహోర్‌కి చెందిన తున్ (అదొక గౌరవ బిరుదు) డాక్టర్ ఇస్మాయిల్ అబ్దుల్ రహ్మాన్, 1915లో పుట్టి, సింగపూర్‌లో మొదలుపెట్టి మెల్‌బోర్న్‌లో 1945లో వైద్యం పూర్తిచేసి, జోహోర్ బారులో తవక్కల్ అన్న పేరుతో క్లినిక్ పెట్టుకుని, తర్వాత ఉప ప్రధానిగా ఉండగా 1973లో పోయినాయన. వెతికే డబ్బాలో "డాక్టర్ ఇస్మాయిల్" అని కొడితే వచ్చేవన్నీ ఆయన వార్తలే. సల్మా ఆ గుంపులో ఎక్కడో అడుగున ఉండిపోతారు.

సరే, సల్మా అనే వెతుకుదాం అంటారా? ఆ రోజుల్లో మలయ్‌ని అరబ్బీ లిపిలో రాసేవారు, జావీ అంటారు. ఒక పేరు జావీలోంచి ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్లేటప్పుడు ఏ గుమాస్తా ఇష్టం ఆ గుమాస్తాది. సల్మా, సల్మాహ్, రెండూ ఉంటాయి. బింతి, బింతే, ఉత్త బీటీ చుక్క, మూడూ ఉంటాయి. ముందు చె అని గౌరవవాచకం చేర్చేవారు, మన అమ్మాయిగారు లాంటిది. 1972లో మలయ్ వర్ణక్రమాన్ని మార్చాక ఆ చె కాస్తా చిక్ అయింది. ఊరి పేరు పాత పేపర్లలో అలోర్ స్టార్, ఇప్పుడు అలోర్ సెతార్. దీనికి తోడు పాత అచ్చుని కంప్యూటర్ చదివి అక్షరాలుగా మార్చినప్పుడు వచ్చే తప్పులు. సన్నటి కాలమ్, సిరా పాకిన అక్షరాలు, మడత మీద చిరిగిన గీత. అందులో పరీక్ష ఫలితాల జాబితా. యంత్రం "బింతి"లోని మొదటి అక్షరం కడుపు సరిగా కనపడక "హింతి" అని చదువుకుంది. మీరు సరైన పేరు కొట్టినా దొరకదు, ఎందుకంటే యంత్రం దగ్గరున్న పేరే తప్పు. నేను చివరికి చేసింది ఏమిటంటే, పేర్లతో వెతకడం మానేసి, కాలేజీ పేరుతో, పరీక్షల నెలలతో వెతికి, ఒక్కో పేజీ బొమ్మని పెద్దది చేసుకుని కళ్లతో చదివాను. కళ్లు పోయాయి కానీ దొరకాల్సినవి అలాగే దొరికాయి.

తేదీలు కూడా ఇంతే. కెడా 1909 దాకా సయామ్, అంటే ఇప్పటి థాయిలాండ్, ఏలుబడిలో ఉండి అప్పుడు బ్రిటిష్ కిందకి వచ్చిన రాష్ట్రం, సుల్తాను కార్యాలయం జావీలో, ముస్లిం కేలండరైన హిజ్రీ తేదీలతో ఉత్తరాలు నడిపేది. హిజ్రీ సంవత్సరానికి 354 రోజులే. 1337 అని రాసి ఉంటే అది 1918 అక్టోబరు నుంచి 1919 సెప్టెంబరు మధ్య ఎప్పుడైనా కావచ్చు. నెల తెలియకుండా మార్చుకుంటే ఒక ఏడాది తేడా వచ్చేస్తుంది. ఇక పుట్టిన తేదీలంటారా, మహాతిర్ పుట్టింది 1925 జూలై 10న. ఆయన జనన పత్రంలో ఉన్నది డిసెంబరు 20. బడిలో చేర్చే సౌకర్యం కోసం తండ్రి ఆ తేదీ రాయించారు, తండ్రి స్వయంగా హెడ్మాస్టరు. మన దగ్గర కూడా జూన్ 1న, జూలై 1న పుట్టినవాళ్లు ఎంతమంది లేరు చెప్పండి, అందరూ బళ్లోనే పుట్టారు. కాబట్టి ప్రభుత్వ కాగితం మీద ఉంది కదా అని తేదీని గుడ్డిగా నమ్మకండి, ఎవరు ఎందుకు రాయించారో అడగండి.

ఇప్పుడు ఆ ఐదేళ్ల దగ్గరికి వద్దాం. 1936లో చేరిన విద్యార్థి 1942కల్లా బయటికి రావాలి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. అంతకు ఒక్క రోజు ముందు, ఫిబ్రవరి 14న, ఫిరంగి గుండ్లకి చనిపోయిన ఒక తోటి వైద్య విద్యార్థిని జనరల్ హాస్పిటల్ ఆవరణలోనే పూడ్చిపెడుతుంటే, ఆ గుంపు మీదే మళ్లీ గుండ్లు పడి ఇంకొంతమంది విద్యార్థులు అక్కడికక్కడే పోయారు. ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు, చదువు పూర్తయితే డాక్టర్లు అయ్యేవాళ్లు. ఆ తరగతి గదుల్లో చదివే పిల్లలకి అది జరిగింది. యుద్ధం వచ్చింది అన్న ఒక్క మాటతో దీన్ని దాటేస్తే ఎలా?

ఆ తర్వాత సింగపూర్ పేరు స్యోనాన్ అయింది. గడియారం టోక్యో టైముకి మారింది. కాగితాల మీద సంవత్సరం 2602 అయింది, అది జపాన్ రాజవంశపు లెక్క, మనకి 1942. జపాన్‌వాళ్లు 1943లో సొంతంగా ఒక వైద్య కాలేజీ మొదలుపెట్టారు, 1944లో దాన్ని మలక్కాకి తరలించారు. కొందరు పాత విద్యార్థులు అందులో చదివారు, కొందరు ఆసుపత్రుల్లో పనిచేశారు, కొందరు ఊళ్లకి వెళ్లిపోయారు. 1946లో కింగ్ ఎడ్వర్డ్ కాలేజీ మళ్లీ తెరిచాక, మిగిలినవాళ్లు వచ్చి పరీక్షలకి కూర్చున్నారు.

కెడా మనిషి కాగితాలు ఈ పదకొండేళ్లలో ఎన్ని చేతులు మారాయో లెక్కపెట్టండి. మొదట బ్రిటిష్ సలహాదారు నీడలో సుల్తాను ప్రభుత్వం. తర్వాత జపాన్ సైన్యం. 1943 అక్టోబరులో జపాన్ కెడాని థాయిలాండ్‌కి అప్పగించింది, కాబట్టి థాయ్ అధికారులు. 1945 సెప్టెంబరులో బ్రిటిష్ మిలిటరీ పాలన. 1946 ఏప్రిల్ నుంచి మలయన్ యూనియన్ అని బ్రిటిష్‌వాళ్లు పెట్టిన కొత్త ప్రభుత్వం. ఐదు ప్రభుత్వాలు, నాలుగు భాషలు, మూడు నాలుగు రకాల తేదీలు. ఒక అమ్మాయి స్కూలు సర్టిఫికెట్ దగ్గర మొదలై డాక్టర్ పట్టా దగ్గర ముగిసే ఫైలు ఒక్కచోట దొరుకుతుందని ఎవరైనా ఎలా ఆశపడతారు? చదివింది ఇప్పటి సింగపూర్ దేశంలో, పుట్టింది ఇప్పటి మలేషియాలో, ఆనాటి వలస కార్యాలయం ఫైళ్లు లండన్ శివార్లలోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో. స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్, అంటే సింగపూర్, పినాంగ్, మలక్కా కలిసిన బ్రిటిష్ వలస, దాని ఉత్తరాలైతే సీఓ 273 అన్న వరసలో ఉంటాయి. అవి కూడా గవర్నరుకీ లండన్‌కీ మధ్య నడిచినవి, ఒక విద్యార్థిని గురించి వాళ్లు ఉత్తరాలు రాసుకోరు.

ఇక్కడ నాకు తట్టిన విషయం ఒకటి చెప్పాలి. కాగితం అధికారం వెంట నడుస్తుంది. తున్ డాక్టర్ ఇస్మాయిల్ కాగితాలు సింగపూర్‌లోని ఐసీస్ అనే పరిశోధన సంస్థ గ్రంథాలయంలో ఫోల్డర్లుగా భద్రంగా ఉన్నాయి. మహాతిర్ 1947లో విద్యార్థిగా ఉన్నప్పుడు "చె దెత్" అన్న కలంపేరుతో పేపర్లో రాసిన వ్యాసాలు కూడా, అవి మలయ్ ఆడవాళ్ల స్వేచ్ఛ గురించిన వ్యాసంతో మొదలైనవే, జనం వెతికి బయటపెట్టారు. ఎందుకంటే వాళ్లు తర్వాత మంత్రులయ్యారు. డాక్టరుగానే బతికిన మనిషికి అలాంటి గది లేదు. డాక్టరు పనంతా రోగి ఒంటి మీద జరుగుతుంది, సాయంత్రానికి కేసుషీటు, పదేళ్లకి ఆ కేసుషీటు కూడా చెత్తలోకి. ఆడ డాక్టరైతే మరీను. కాన్పుకి మగ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఇష్టపడక, ఊళ్లో మంత్రసాని మీదే, వాళ్లు బిదాన్ అంటారు, ఆధారపడ్డ ఆడవాళ్లు మొదటిసారి ఆసుపత్రి మెట్లెక్కింది తమ భాష మాట్లాడే ఆడ డాక్టర్ ఉందని తెలిశాకే. సితి హస్మా తన సర్వీసులో చాలాభాగం ఈ పల్లె తల్లుల ఆరోగ్యం మీదే గడిపారు, బిదాన్‌లని శత్రువుల్లా చూడకుండా కలుపుకుని శిక్షణ ఇవ్వడం మీద. అలాంటి పనికి శిలాఫలకం ఉండదు, పుట్టిన పిల్లలుంటారు.

ఆ పిల్లల్లో పెద్దవాళ్లకి ఇప్పుడు డెబ్భై దాటాయి. అందుకే ఎవరైనా ఈ పని మీద కూర్చుంటే లైబ్రరీ కంటే ముందు మనుషుల దగ్గరికి వెళ్లమంటాను, ఫైలు ఇంకో ఇరవై ఏళ్లు ఆగుతుంది, వాళ్లు ఆగరు. "డాక్టర్ గారు గొప్పవారా" అని అడిగితే అవునంటారు, అంతటితో మాట ఆగిపోతుంది. మీ అమ్మ కాన్పుకి ఎక్కడికి వెళ్లింది, ఎవరితో వెళ్లింది, డాక్టర్ ఏ భాషలో మాట్లాడింది, ఫీజు ఎంత, తిట్టేదా, నవ్వేదా అని అడగాలి. పెరాక్ వెళ్లిన మా తాతగారి చిన్నాన్న గురించి నాకు తెలిసిన రెండు ముక్కలూ ఇలాగే తెలిశాయి. మలేరియా వచ్చి పడుకుంటే తోట డ్రస్సరు రోజూ వచ్చి నాలిక చాపమనేవాడట, క్వినైన్ మింగాడో లేదో చూడ్డానికి.

కాగితాల్లో మాత్రం నేను మొదట అడగబోయేది అలోర్ సెతార్‌లో. కెడా సుల్తాను కార్యాలయం ఉత్తరాలు, 1882 నుంచి 1943 దాకా ఉన్నవి, 2001లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టీలో చేర్చింది, మలేషియా నేషనల్ ఆర్కైవ్స్ భద్రపరిచింది. పక్కనే రాష్ట్ర కార్యదర్శి ఆఫీసు ఫైళ్లున్నాయి. అందులో 1935, 1936 నాటి చదువుల తాలూకు జావీ ఉత్తరాలు చూడాలి. పేరు మాత్రం సల్మా అని అడగను. పదిహేడేళ్ల ఆడపిల్ల తరఫున ఆ రోజుల్లో ప్రభుత్వానికి ఉత్తరం పెట్టేది ఇంటి పెద్ద. కాబట్టి ఇండెక్సులో ఇ అక్షరం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ఇస్మాయిల్‌నీ చూసుకుంటూ రావాలి.